చిన్న ఊరి పెద్ద చరిత్ర

1821వ సంవత్సరమున రాజమహేంద్రవరము జిల్లాలో సుమారు 7 లక్షల 38 వేల మంది జనులుండిరి. 1841 నాటికి ఆ సంఖ్య సుమారు 5 లక్షల 61 వేలకు తగ్గిపోయెను. కరువులును, తుపానులును ఆ సీమను పీడించిన కాలమది. పిమ్మట 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని ప్రారంభమై 1852లో ముగిసెను. కాలువలు పారినవి, పైరులు పండినవి.

ఇది పెద్ద చరిత్ర చెప్పు మాట. సత్యమైన మాటయే. కాని లక్షల లెక్కలో ఒక్క మనిషి ముఖమైనను కనబడదు. ఆ కరువునాడు ఊరు విడిచిన యొక కుటుంబము ఎచ్చటికి పోయెను? మరల తిరిగి వచ్చెనా? వారి పొలము ఎవరి చేతికి చిక్కెను? ఇట్టి ప్రశ్నలనడుగు చరిత్రరచనకు సూక్ష్మచరిత్ర యని పేరు. అది యొక గ్రామమునో, ఒక కుటుంబమునో, ఒక వ్యాజ్యమునో తీసికొని భూతద్దముతో చూచినట్లు పరిశీలించును. వస్తువు చిన్నది, ప్రశ్న మాత్రము పెద్దది.

ఈ శాఖ 1970 తరువాతి దశాబ్దమున ఇటలీ దేశమునందు వేరూనినది. కార్లో గింజ్‌బర్గ్ అను చరిత్రకారుడు 1976లో ప్రకటించిన 'జున్నును పురుగులును' అను గ్రంథము దీనికి మేలిమి యుదాహరణము. అందలి కథానాయకుడు రాజు కాడు, సేనాని కాడు. పదునారవ శతాబ్దమున ఫ్రియులి సీమలోని మోంటెరేయాలె గ్రామమున పిండిమర నడుపుకొనిన మెనోక్కియో అను సామాన్యుడు. అతనికి చదువ వచ్చును. దొరకిన పుస్తకమునెల్ల చదువును. చదివినదానిని గూర్చి ఊరివారితో వాదించును. సృష్ట్యాదియందు అంతయు కలగాపులగముగా నుండెననియు, పాలు గడ్డకట్టి జున్నయినట్లు అది ముద్దకట్టెననియు, జున్నులో పురుగులు పుట్టినట్లు అందుండి దేవదూతలు పుట్టిరనియు అతడు చెప్పెను. మతవిచారణసభ అతనిని 1584లో విచారించి చెరయందుంచెను. విడిచిపెట్టిన పిదపయు అతడు మాటలాడుట మానలేదు. 1599లో రెండవమారు విచారణ జరిగినది. తుదకు మరణదండన పాలయ్యెను.

అతని నోరు మూయించుటకు జరిగిన విచారణయే అతని మాటను మనవరకు చేర్చినది. లేఖకులు ప్రశ్నలను, సమాధానములను వ్రాసి యుంచిరి. గింజ్‌బర్గ్ ఆ పత్రములను చదివి యూరకుండలేదు. మెనోక్కియో చదివిన పుస్తకములను వెదకి, అందున్నదానిని అతడు చెప్పినదానితో పోల్చి చూచెను. రెంటికిని భేదము కనబడెను. పుస్తకములో లేని భావములు అతని తలలోనికెట్లు వచ్చినవి? తరతరములుగా పల్లెజనులు నోటిమాటగా చెప్పుకొనిన తలంపులే వానికి మూలములని గ్రంథకర్త యూహించెను. ఒక పిండిమరవాని మాటలనుండి వ్రాతకెక్కని లోకమొకటి తొంగిచూచినది.

తెలుగుదేశమునందును ఇట్టి పరిశీలనకు వలసిన సామగ్రి కలదు. కాలిన్ మెకంజీ (1754–1821) అను స్కాట్లండు దేశీయుడు దక్షిణదేశమును సర్వే చేయుచు, గ్రామచరిత్రలను సేకరింప బూనెను. దేశభాషలయందు ఆయనకు పాండిత్యము లేదు. ఆ కొరతను తీర్చినవాడు ఏలూరి వాస్తవ్యుడగు కావలి వెంకట బొర్రయ్య (1776–1803). ఆ యువకుడు ఊరూర తిరిగి, పండితులను, కరణములను కలిసికొని, శాసనములను వ్రాసికొని, వృత్తాంతములను ప్రోగుచేసెను. ఇరువది యేడవ యేటనే ఆయన మరణింపగా, సోదరుడు లక్ష్మయ్య ఆ కార్యమును సాగించెను. అట్లు చేరిన గ్రామవృత్తాంతములకు కైఫీయతులని పేరు. ఊరి పుట్టుక, గుడులు, చెరువులు, మాన్యములు, ఏలిన ప్రభువులు – ఇవన్నియు వానియందు కనబడును.

అయినను కైఫీయతును చదువునపుడు మెలకువ వలయును. చెప్పినవాడెవడు? ఎవరికి చెప్పెను? దేనిని కోరి చెప్పెను? దొరగారి మనిషి యెదుట నిలిచిన కరణము తన యూరి మాన్యములు ప్రాచీనములని చెప్పుకొనుట సహజము. ఆ యూరి పాలేరును, చాకలిని, నాట్లు వేయు స్త్రీని ఎవరును అడుగకపోయి యుండవచ్చును. కావున దస్త్రము పలికిన మాటయే గాక, దాని మౌనమును గూడ చదువవలెను.

తాడేపల్లిగూడెమునకు చేరువనున్న పెంటపాడు వంటి గ్రామము ఇట్టి పఠనమునకు మంచి పాఠశాల. మొదట పేరునే చూడవచ్చును. నేటి యర్థమును పట్టుకొని ఆ పేరు విని నవ్వుట అవివేకము. నల్లమల చెంచులు తమ నివాసములను పెంటలనియే పిలుతురు; 'పాడు' అంతమందు గల గ్రామనామములు తెలుగునాట కోకొల్లలు. పదముల యర్థములు మారును, ఊరి పేరు నిలుచును. పిమ్మట కాలువగట్టు, తూము, లాకు కలవు. ఏ పొలమునకు నీరు ముందు చేరెను? ఎవరికి చివరి వంతు వచ్చెను? కాలువ రాకముందు అచ్చట ఏమి పండెడిది? పాత శిస్తు రసీదు, తాకట్టు పత్రము, పెండ్లి ఖర్చుల పద్దు, పాఠశాల హాజరు పుస్తకము – ఇవి యన్నియు సాక్షులే. 1984లో కరణము పదవి రద్దయినది గాని, నాటి కాగితములు కొన్ని పాత పెట్టెలలో నేటికిని మిగిలియుండవచ్చును. చెదలు పట్టిన పిదప వానిని ఏ విద్వాంసుడును చదువజాలడు. ఊరి వృద్ధురాలి జ్ఞాపకమును అంతే. ఆమెతో అది పోవును. ఆమె చెప్పినదానిని, కాగితము చెప్పినదానిని ప్రక్కప్రక్కనుంచి చూచిననే నిజము తేలును.

ఈ విద్యకు హద్దు కూడ కలదు. ఒక మెనోక్కియో ఇటలీ అంతయు కాడు. ఒక పెంటపాడు ఆంధ్రదేశమంతయు కాదు. తన యూరి గొప్పను చాటుకొనుటయు చరిత్ర కాదు. కరువులో పొలము పోగొట్టుకొనినవాని మాటను, దానిని కొనినవాని మాటను సమానమైన శ్రద్ధతో వినువాడే చరిత్రకారుడు. అట్లు విన్నపుడు, లక్షల లెక్కలో మరుగుపడిన మనిషి ముఖము మరల కనబడును.

ప్రశ్నలు

1. పెద్ద చరిత్రకును సూక్ష్మచరిత్రకును గల భేదమేమి?
2. మెనోక్కియో మాటలు మనకెట్లు దక్కినవి?
3. కైఫీయతులను చదువునపుడు ఏల మెలకువ వలయును?
4. మీ యూరి చరిత్రకు సాక్ష్యములు కాదగిన వస్తువులను మూడింటిని పేర్కొని, వానివలన ఏమి తెలియునో వ్రాయుడు.