ఇంటిలో చేపల తొట్టి: తక్కువ శ్రమతో పెంచు విధానము

పట్టణములలోనే గాక గ్రామములలో సైతము ఇప్పుడు గాజు తొట్లలో రంగు చేపలను పెంచుట కనిపించుచున్నది. పిల్లలు ముచ్చటపడి అడుగుదురు, పెద్దలు కొని తెత్తురు. కాని పెక్కు ఇండ్లలో నెల తిరుగక ముందే చేపలు ఒకటొకటిగా చచ్చి, తొట్టి అటకెక్కును. చేపలు పెంచుట మనకు చేతకాదని ఇంటివారు అనుకొందురు. నిజమునకు లోపము పెంపకములో కన్న ఎంపికలోనే ఎక్కువగా నుండును. నేలను బట్టి పంటను, నీటిని బట్టి రకమును ఎన్నుకొను రైతు అదే తెలివిని ఇచ్చట వినియోగించినచో, వారమునకు అరగంట పనితో తొట్టిని చక్కగా నిలుపుకొనవచ్చును.

ఎంపికలో తప్పు జరిగినచో నష్టము ఆ ఇంటితో ఆగదు. పెంచలేక చెరువులో వదలిన చేప ఊరందరికి చేటు తెచ్చును. ఆ సంగతి ఈ పాఠము చివర చెప్పబడినది.

తొట్టి నీటిలో జరుగునదేమి?

చేపల మలము, తినగా మిగిలిన మేత నీటిలో కుళ్ళి అమ్మోనియాగా మారును. చేప తన మొప్పల ద్వారా కూడ అమ్మోనియాను విడుచును. ఇది చేపలకు విషము. మీరు పొలములో యూరియా వేసినపుడు అది మొదట అమ్మోనియాగా, పిదప నేలలోని సూక్ష్మజీవుల వలన నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారునని మీకు తెలియును. తొట్టిలో జరుగునదియు అదియే. అడుగున పరచిన గులకరాళ్ళ మీద, వడపోత స్పంజిలో ఇట్టి సూక్ష్మజీవులే చేరి విషమును హానిలేని రూపమునకు మార్చును.

కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు తగినన్ని ఉండవు. అవి వృద్ధి పొందుటకు 4 నుండి 6 వారములు పట్టును. కొన్ననాడే పది చేపలు వేసిన తొట్టిలో నీరు తేటగా కనిపించుచున్నను చేపలు చచ్చుటకు కారణమిదియే. కావున మొదట 3 చేపలు మాత్రమే వేసి, నెల గడచిన పిదప తక్కినవి కొద్దికొద్దిగా చేర్చవలెను.

తొట్టి ఎంపిక

చిన్న తొట్టికి పని తక్కువని అనుకొనుట పొరపాటు. నీరు తక్కువైన కొలది అది త్వరగా చెడును, త్వరగా వేడెక్కును, త్వరగా చల్లబడును. గుండ్రని చిన్న గాజు గిన్నెలో చేపను ఉంచరాదు. అది చూపునకు అందమే గాని చేపకు చెర.

2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 1 అడుగు ఎత్తు గల తొట్టి మొదటిసారి పెంచువారికి అనుకూలము. పైన 2 అంగుళములు వదలి నింపినచో దానిలో సుమారు 47 లీటర్ల నీరు పట్టును. గాజు, రాళ్ళు కలిపి బరువు అర క్వింటాలు దాటును గనుక గట్టి బల్ల మీద, బల్లకును గాజుకును నడుమ పలుచని థర్మోకోల్ పలక వేసి ఉంచవలెను. ఎండ నేరుగా పడు కిటికీ వద్ద పెట్టరాదు. ఎండ తగిలిన నీరు పచ్చబడును, వేసవిలో చేపలు ఉడికిపోవును. ఇంటిలో చల్లగా నుండు గది మేలు. ఎగిరి పడు చేపలుండును గనుక పైన జాలీ మూత అవసరము.

గాజు తొట్టి కొనలేనివారు వాకిట నీడలో సిమెంటు గోలెమును వాడుకొనవచ్చును. కొత్త గోలెమునుండి సున్నము నీటిలోనికి దిగును. కావున రెండు మూడు వారములు నీరు నింపుచు, పారబోయుచు నానబెట్టిన తరువాతనే చేపలను వేయవలెను.

నీరు

మన ప్రాంతములో నీరు రెండు విధములుగా లభించును. బోరు నీరు చాల చోట్ల కఠిన జలము. కాచిన పాత్రకు తెల్లని పొర కట్టుటయే దానికి గుర్తు. ఇట్టి నీటిలో క్షారగుణము ఎక్కువైనచో అమ్మోనియా విషము మరింత తీవ్రమగును. చౌడు నేలలో యూరియా వృథాయగుటకు ఏ గుణము కారణమో, ఇచ్చట చేపకు ముప్పు తెచ్చునదియు ఆ గుణమే. కాని గప్పీ, మోలీ వంటి చేపలకు కఠిన జలమే హితము. అందుచేత నీటిని మార్చుటకు మందులు కొనుట కన్న, ఉన్న నీటికి సరిపోవు చేపను తెచ్చుకొనుట తెలివైన పని.

రెండవది నల్లా నీరు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ సమీపమున కోమటిబండ వద్ద ప్రారంభమైన మిషన్ భగీరథ వలన గ్రామములకు శుద్ధి చేసిన నీరు చేరినది. శుద్ధి చేయుటకు కలుపు క్లోరిన్ మనకు మేలు చేయును గాని చేప మొప్పలను కాల్చును. కావున నల్లా నీటిని వెడల్పాటి పాత్రలో ఒక పగలు, ఒక రాత్రి తెరచి ఉంచిన పిదపనే తొట్టిలో పోయవలెను.

ఏ చేపలు మేలు?

1. గప్పీ: ఇది గట్టి చేప, కఠిన జలమునకు తట్టుకొనును, దోమ పిల్లలను తినును. ఆడ గప్పీ సుమారు నెలకొకసారి పిల్లలను పెట్టును గనుక ఆడ, మగ కలిపి పెంచినచో తొట్టి కొద్దికాలములోనే కిక్కిరియును. శ్రమ తగ్గవలెనన్నచో మగవానిని మాత్రమే 8 నుండి 10 వరకు ఉంచవలెను. రంగుల తోకతో చిన్నగా నుండునది మగది, బూడిద వన్నెతో పెద్దగా నుండునది ఆడది.

2. జీబ్రా చేప: ఇది మన దేశపు చేపయే. తల నుండి తోక వరకు పొడవునా చారలుండి చురుకుగా తిరుగును. చలికాలపు రాత్రులకు కూడ ఓర్చుకొనును. ఒంటరిగా బెదరును గనుక 6కు తక్కువ కాకుండ ఉంచవలెను.

3. మోలీ: కఠిన జలములో బాగుగా పెరుగును. గప్పీకన్న పెద్దది గనుక ఈ తొట్టికి 4 చాలును. ఇవి కూడ పిల్లలను పెట్టును గనుక ఒకే లింగమువి తేవలెను.

4. ఫైటర్: ఇది మన కొర్రమీను వలె నీటి పైకి వచ్చి గాలి పీల్చుకొనగలదు. కరెంటు పోయి గాలి మోటారు ఆగినను దీనికి భయము లేదు. రెండు మగవి కలిసినచో చచ్చునట్లు పోట్లాడుకొనును గనుక ఒక్కదానినే ఉంచవలెను.

వీనిలో ఏదేని ఒక రకముతో ప్రారంభించుట మంచిది. పై సంఖ్యలకు మించనిచో గంట రెండు గంటలు కరెంటు లేకున్నను సామాన్యముగా ప్రమాదముండదు.

కొనరాని చేపలు

గోల్డ్ ఫిష్ చవకగా దొరకును గాని అర అడుగుకు మించి పెరుగును, నీటిని చాల మురికి చేయును. ఇది చిన్న తొట్టికి తగదు. గాజును నాకి శుభ్రపరచునని చెప్పి అమ్ము సక్కర్ చేప కొన్నపుడు మూడంగుళములే ఉండును. పెరిగినపుడు అడుగు దాటును. రూప్‌చంద్, తిలాపియా, ఆఫ్రికా క్యాట్‌ఫిష్ కూడ ఇంటికి తేరాదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకమును కేంద్ర ప్రభుత్వము 2000 సంవత్సరములో నిషేధించినది. మన రాష్ట్ర చేపయైన కొర్రమీను చెరువునకు రాజు. తొట్టిలో వేసినచో తక్కిన చేపలను మింగివేయును.

మేత, వారపు పని

రోజునకు ఒక్కసారి, రెండు నిమిషములలో చేపలు తినివేయగలిగినంత మేత చాలును. చేపలు ఆకలితో చచ్చుట అరుదు, మిగిలిన మేత కుళ్ళి చచ్చుటయే ఎక్కువ. పెండ్లికో జాతరకో మూడు నాలుగు దినములు ఊరికి పోవునపుడు ఎక్కువ మేత వేసి పోరాదు. ఎదిగిన చేపలు అన్ని దినములు పస్తుండగలవు.

వారమునకొకసారి నాలుగవ వంతు నీటిని, అనగా సుమారు 12 లీటర్లను, అడుగున పేరుకొన్న మలముతో సహా సన్నని గొట్టముతో తీసి అంతే నీరు పోయవలెను. నీరంతయు ఒకేసారి మార్చరాదు. స్పంజిని తీసిన తొట్టి నీటిలోనే పిండవలెను. నల్లా క్రింద కడిగినచో మేలుచేయు సూక్ష్మజీవులు చచ్చును. తీసిన నీటిలో నైట్రేట్ ఉండును గనుక కరివేపాకు, టమాట మొక్కలకు పోసినచో వృథా కాదు.

రైతు ఇంటిలో ప్రత్యేక జాగ్రత్త

పత్తికి, కూరగాయలకు కొట్టు సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ వంటి మందులు అతి స్వల్ప మోతాదులోనే చేపలను చంపును. మందు కొట్టి వచ్చినవారు సబ్బుతో స్నానము చేయక తొట్టిని ముట్టరాదు. మందు కలిపిన బకెట్‌ను, డ్రమ్మును ఎన్నిసార్లు కడిగినను తొట్టి నీటికి వాడరాదు. దోమల చక్రములలోను ఇదే జాతి మందులుండును గనుక తొట్టి ఉన్న గదిలో వానిని వెలిగించరాదు.

చెరువులో వదలరాదు

పెంచుట విసుగైనపుడు చేపను చెరువులో వదలుట పుణ్యమని కొందరు తలంతురు. ఇది పెద్ద పొరపాటు. పైన చెప్పిన సక్కర్ చేప ఈనాడు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జలాశయములలో మత్స్యకారుల వలలకు చిక్కుచున్నది. దీనిని దెయ్యం చేప అని పిలుచుచున్నారు. దీని ముండ్లు వలలను చింపును. ఇది గట్లలో బొరియలు చేసి గ్రుడ్లు పెట్టును. తక్కిన చేపల మేతను తాను తినును. అమ్మబోయిన కొనువాడుండడు.

మన జిల్లాకు ఈ ముప్పు మరింత దగ్గర. 2020లో రంగనాయకసాగర్, కొండపోచమ్మసాగర్, 2022లో మల్లన్నసాగర్ ప్రారంభమైన పిదప కాలువల ద్వారా చెరువునకు చెరువునకు సంబంధమేర్పడినది. ఒక ఊరి చెరువులో వదలిన చేప నీటి వెంట పది ఊళ్ళకు పోగలదు. ఆ చెరువులలో రొహు, బొచ్చె పిల్లలను వదలి, వానిపై బ్రతుకు మత్స్యకారుల కుటుంబములు మన ఊళ్ళలోనే ఉన్నవి. గట్టు తెగినచో మునుగు పొలము కూడ మనదే.

కావున పెంచలేని చేపను కొన్న దుకాణమునకే తిరిగి ఇవ్వవలెను, లేదా తొట్టి గల మరియొకరికి ఇవ్వవలెను. చచ్చిన చేపను మట్టిలో పూడ్చవలెను. తొట్టి నీటిని కాలువలో గాక పెరటిలో పోయవలెను. చెరువులో వింత చేప కనిపించినచో మరల నీటిలో వదలక జిల్లా మత్స్యశాఖ కార్యాలయమునకు తెలుపవలెను.

గుర్తుంచుకొనవలసినవి

నీరు ఎక్కువ, చేపలు తక్కువ. మన నీటికి తగిన చేపయే మంచి చేప. మేత కొద్దిగా, నీటి మార్పు వారము వారము. తొట్టి చేప తొట్టిలోనే ఉండవలెను, చెరువు చేప చెరువులోనే ఉండవలెను.