పాఠం 12 : అమ్మిపెట్టేవారికి డిజిటల్ పాఠాలు ఉచితంగా ఇవ్వాలా?

ఈ పాఠం చదివిన తరువాత మీరు

- అఫిలియేట్ అంటే ఎవరో, అతనికి కమీషన్ ఎలా వస్తుందో చెప్పగలుగుతారు;
- ఉచిత కాపీ వల్ల కలిగే లాభనష్టాలను లెక్కకట్టగలుగుతారు;
- "ముందు కొంటేనే చేర్చుకుంటాం" అనే షరతులోని ప్రమాదాన్ని గుర్తించగలుగుతారు;
- ఉచిత కాపీ ఇచ్చేటప్పుడు రాసుకోవలసిన పత్రాన్ని సొంతంగా రాయగలుగుతారు.

12.1 పరిచయం

ఉద్యోగం కోసం ఢిల్లీకి, నొయిడాకు, గురుగ్రామ్‌కు వచ్చే తెలుగు కుటుంబాలకు మొదట ఎదురయ్యే ఇబ్బంది హిందీ. కూరగాయల బండి దగ్గర, ఆటో దగ్గర, ఇంటి యజమానితో మాట్లాడటానికి హిందీ కావాలి. మీకు హిందీ బాగా వచ్చనుకుందాం. మీరు తెలుగువారికోసం 20 వీడియో పాఠాలు తయారుచేశారు. ధర 500 రూపాయలు పెట్టారు. వాటి గురించి పదిమందికీ చెప్పి అమ్మిపెట్టేవారు కావాలి. అలా అమ్మిపెట్టి, అమ్మిన ప్రతి కాపీకీ కమీషన్ తీసుకునే వ్యక్తిని అఫిలియేట్ అంటారు. అతనికి మీరొక ప్రత్యేకమైన లింకు ఇస్తారు. ఆ లింకు ద్వారా ఎవరు కొన్నా కమీషన్ అతని ఖాతాలో పడుతుంది.

ఒకరోజు అఫిలియేట్‌గా చేరదలచినవారు మిమ్మల్ని ఇలా అడుగుతారు: "అమ్మిపెట్టేది మేమే కదండీ, పాఠాలు మాకు ఉచితంగా ఇవ్వరా?" మీరేం జవాబు చెప్పాలి? ఈ పాఠంలో మనం దానినే పరిశీలిద్దాం.

12.2 పుస్తకాల వ్యాపారం, మందుల వ్యాపారం ఏం చెబుతున్నాయి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఢిల్లీలోని నయీ సడక్, దరియాగంజ్ పుస్తక వ్యాపారానికి పేరుపొందిన ప్రాంతాలు. పాఠ్యపుస్తకాలు వేసే ప్రచురణకర్తలు ఉపాధ్యాయులకు ఒక్కొక్క కాపీ ఉచితంగా ఇస్తారు. దానిని స్పెసిమన్ కాపీ అంటారు. దానిమీద "అమ్మకానికి కాదు" అనే ముద్ర ఉంటుంది. చదవని పుస్తకాన్ని ఉపాధ్యాయుడు పిల్లలకు సిఫారసు చేయలేడు. అందుకే ఆ కాపీ ఇస్తారు. అయితే ముద్ర ఉన్న కాపీలు కూడా పాత పుస్తకాల దుకాణాలకు చేరడం పుస్తకాలు కొనేవారికి తెలిసిన విషయమే.

మందుల కంపెనీలు వైద్యులకు శాంపిళ్లు ఇస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఔషధ విభాగం 2024 మార్చి 12న ప్రకటించిన నియమావళి దీనికి హద్దులు పెట్టింది. ఒక మందుకు సంబంధించి ఒక వైద్యుడికి ఏడాదికి 12 శాంపిల్ ప్యాకులకు మించి ఇవ్వకూడదు. ఏడాదిలో ఇచ్చే శాంపిళ్ల మొత్తం విలువ దేశంలో ఆ కంపెనీ అమ్మకాలలో 2 శాతం దాటకూడదు. ప్రతి ప్యాకుమీద అది అమ్మకానికి కాదని రాసి ఉండాలి. వైద్యుడు కమీషన్ తీసుకోకూడదు కాబట్టి అతను అఫిలియేట్ వంటివాడు కాడు. కాని శాంపిల్ గురించి ఒక విషయం మనకు ఇక్కడ తెలుస్తుంది. ఉచితంగా ఇచ్చేదానికి కూడా ముద్ర, లెక్క, హద్దు అనే మూడూ ఉండాలి.

పాఠ్యగత ప్రశ్నలు 12.1

ఖాళీలు పూరించండి.
1. అమ్మిన కాపీకి కమీషన్ తీసుకునే వ్యక్తిని ________ అంటారు.
2. ఉపాధ్యాయులకు ఉచితంగా ఇచ్చే పుస్తకాన్ని ________ కాపీ అంటారు.
3. ఉచితంగా ఇచ్చేదానికి ముద్ర, లెక్క, ________ ఉండాలి.

12.3 ఉచితం అంటే ఖర్చు లేనట్టేనా?

అచ్చుపుస్తకానికి కాగితం, ముద్రణ, బైండింగు ఖర్చులు ఉంటాయి. ఒక కాపీకి 80 రూపాయలు పడితే, 20 కాపీలు ఉచితంగా ఇవ్వడానికి 1,600 రూపాయలు మీ చేతినుంచి పోతాయి. వీడియో పాఠానికి ఈ ఖర్చు దాదాపు ఉండదు. ఇరవై మందికి ఇచ్చినా, రెండు వందల మందికి ఇచ్చినా మొదటి కాపీకి పడిన శ్రమే ఉంటుంది. అందుకే చాలామంది "ఇస్తే పోయేదేముంది?" అనుకుంటారు. కాని మూడు రకాల ఖర్చులు కంటికి కనిపించకుండా ఉంటాయి.

మొదటిది, మీ సమయం. పాఠాలతోపాటు ప్రతి అభ్యాసకుడికి అరగంటసేపు ఫోనులో సందేహాలు తీరుస్తామని మీరు చెప్పి ఉంటే, 20 మందికి 10 గంటలు కావాలి. ఆ గంటలకు నకలు తీయలేం.

రెండవది, పోయే అమ్మకం. కమీషన్ మీద ఆసక్తి లేకపోయినా, పాఠాలు ఊరికే వస్తాయని కొందరు అఫిలియేట్‌గా పేరు రాయించుకుంటారు. వారిలో డబ్బు పెట్టి కొనగలిగినవారు కూడా ఉంటారు.

మూడవది, బయటికి పొక్కడం. దీనిని 12.6లో చూద్దాం.

12.4 ఒక చిన్న లెక్క

ధర 500 రూపాయలు, కమీషన్ 150 రూపాయలు అనుకుందాం. పన్నులు, బ్యాంకు రుసుములు పక్కన పెడితే అమ్మిన ప్రతి కాపీకీ మీకు 350 రూపాయలు మిగులుతాయి.

మొదటి పద్ధతి : 20 మందికి ఉచితంగా ఇచ్చారు. వారిలో 5 మంది మాత్రమే పని చేశారు. ఒక్కొక్కరు 4 కాపీలు అమ్మారు. మొత్తం 20 కాపీలు. మీకు 20 × 350 = 7,000 రూపాయలు వచ్చాయి.

రెండవ పద్ధతి : ముందు కొనాలని షరతు పెట్టారు. 6 మందే చేరారు. వారు కట్టినది 6 × 500 = 3,000 రూపాయలు. వారిలో 3 మంది ఒక్కొక్కరు 4 కాపీలు అమ్మారు. మొత్తం 12 కాపీలు, 12 × 350 = 4,200 రూపాయలు. అంతా కలిపితే 7,200 రూపాయలు.

ఇవి ఉదాహరణకోసం వేసుకున్న అంకెలు. మీ అంకెలు వేరుగా ఉండవచ్చు. ఇక్కడ రెండు పద్ధతుల్లోనూ ఆదాయం ఇంచుమించు ఒకటే. కాని మరోసారి చూడండి. మొదటి పద్ధతిలో వచ్చిన ప్రతి రూపాయీ హిందీ నేర్చుకోవాలని కొన్నవారు ఇచ్చినదే. రెండవ పద్ధతిలో 3,000 రూపాయలు అమ్మిపెట్టేవారి జేబుల్లోనుంచే వచ్చాయి. కాబట్టి ఎంత వచ్చింది అనేది ఒక్కటే చూస్తే చాలదు. ఎవరి దగ్గరనుంచి వచ్చింది అనేది కూడా చూడాలి.

12.5 "ముందు కొనండి, తరువాత అమ్మండి"

ముందు కొనమనడం దానంతట అదే నేరం కాదు. డబ్బు పెట్టినవారు శ్రద్ధగా పని చేస్తారనే వాదనలో కొంత నిజం ఉంది. కాని ఈ దారి ఎక్కడికి పోతుందో గమనించండి. అమ్మిపెట్టేవారినుంచి వచ్చే సొమ్ము రుచి మరిగితే, నేర్చుకునేవారిని వెతకడం తగ్గుతుంది, కొత్త అఫిలియేట్‌లను చేర్చడం పెరుగుతుంది. చేరినవారు తమ సొమ్ము రాబట్టుకోవడానికి ఇంకొకరిని చేరుస్తారు. చివర చేరినవారికి చేర్చడానికి ఎవరూ మిగలరు. వారి సొమ్ము మునుగుతుంది. సాధారణంగా వారు ఉద్యోగం లేని యువకులు, ఇంటిపట్టున సంపాదించాలనుకునే గృహిణులు.

ఇలాంటి గొలుసు పథకాలను మన దేశం 1978లోనే ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టంతో అడ్డుకుంది. 2021 డిసెంబరులో వెలువడిన డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు కూడా పిరమిడ్ పథకాలను నిషేధించాయి.

మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: "రేపటినుంచి కొత్త అఫిలియేట్ ఒక్కరూ చేరకపోతే నా వ్యాపారం నడుస్తుందా?" నడుస్తుందంటే మీరు పాఠాలు అమ్ముతున్నారు. నడవదంటే అమ్మిపెట్టే అవకాశాన్ని అమ్ముతున్నారు.

మరొక కోణం కూడా ఉంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల విభాగం 2023 జనవరి 20న సిఫారసులు చేసేవారికోసం మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిలోని రెండు మాటలు మనకు ముఖ్యం.

(అ) ఒక వస్తువును సిఫారసు చేసేవారు దానిని నిజంగా వాడి ఉండటం మంచిది.
(ఆ) వస్తువు ఉచితంగా పొందితే, షరతు ఉన్నా లేకపోయినా, ఆ సంగతి స్పష్టంగా, సిఫారసు చేసిన భాషలోనే చెప్పాలి.

మొదటి మాటను బట్టి, పాఠాలు చూడనివారి చేత అమ్మించడం తగదు. వాటిని చూపించే బాధ్యత అమ్మించే మీదే. రెండవ మాటను బట్టి, ఉచితంగా ఇచ్చిన సంగతి దాచకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. ప్రకటన ఇచ్చినవారికే కాక సిఫారసు చేసినవారికి కూడా ఇది వర్తిస్తుంది.

పాఠ్యగత ప్రశ్నలు 12.2

సరైనదానికి (✓), తప్పుకు (×) గుర్తు పెట్టండి.
1. వీడియో పాఠం ఉచితంగా ఇస్తే ఏ ఖర్చూ ఉండదు. ( )
2. ఉచితంగా పొందిన సంగతి కొనేవారికి చెప్పాలి. ( )
3. జరిమానా ప్రకటన ఇచ్చినవారికి మాత్రమే వర్తిస్తుంది. ( )

12.6 పాఠాలు బయటికి పొక్కితే?

పోటీపరీక్షల కోచింగుకు ఢిల్లీ పెట్టింది పేరు. అక్కడ ఇంగ్లీషు బోధించే నీతూ సింగ్ తన పుస్తకాలు, వీడియో పాఠాలు అనుమతి లేకుండా టెలిగ్రామ్ చానళ్లలో పంచుతున్నారని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. ఆ చానళ్లు నడిపేవారి వివరాలు బయటపెట్టాలని 2022 ఆగస్టు 30న కోర్టు టెలిగ్రామ్‌ను ఆదేశించింది. కాపీరైటు ఉల్లంఘనకు 1957 చట్టంలో జైలుశిక్ష కూడా ఉంది. కాని చిన్న వ్యాపారి ప్రతిసారీ కోర్టుకు వెళ్లలేడు. అందువల్ల ముందుజాగ్రత్త అవసరం.

- ప్రతి అఫిలియేట్‌కు వేరువేరు పాస్‌వర్డ్ ఇవ్వండి.
- పాఠం చూసేటప్పుడు తెరమీద అతని పేరు కనిపించేటట్టు చేయండి.
- డౌన్‌లోడ్ చేసుకునే వీలు లేకుండా చూడండి.
- ఎవరికి, ఏ తేదీన, ఎన్ని రోజులకు ఇచ్చారో పుస్తకంలో రాసుకోండి.

వీటివల్ల దొంగతనం పూర్తిగా ఆగదు. కాని తన పేరున్న కాపీని పంచడానికి మనిషి వెనకాడతాడు.

12.7 మధ్యేమార్గాలు

"అంతా ఇవ్వడం", "ఏమీ ఇవ్వకపోవడం" కాక వేరే దారులు కూడా ఉన్నాయి.

(అ) కొన్ని పాఠాలు ఇవ్వడం : 20లో 4 పాఠాలు చూపిస్తారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది. కాని పాఠాలు చివరిదాకా బాగున్నాయో లేదో నాలుగు పాఠాలు చెప్పలేవు.

(ఆ) గడువు పెట్టి ఇవ్వడం : 30 రోజులు మొత్తం చూడనిస్తారు. తరువాత పాస్‌వర్డ్ ఆగిపోతుంది. పని చేసేవారికి పొడిగిస్తారు. చిన్న వ్యాపారికి చాలా సందర్భాలలో ఇదే అనువైనది.

(ఇ) కొన్న డబ్బు తిరిగి ఇవ్వడం : 3 కాపీలు అమ్మాక 500 తిరిగి ఇస్తారు. వినడానికి బాగుంటుంది. కాని అమ్మలేనివారు నష్టపోతారు. ఆ 500 కోసం అతిశయోక్తులు చెప్పి అమ్మే ప్రమాదం కూడా ఉంది.

పాఠాల ధర ఎక్కువైతే పన్ను సంగతి కూడా చూసుకోవాలి. వ్యాపారంలో భాగంగా ఒకరికి వస్తురూపంలో ఇచ్చే ప్రయోజనం ఏడాదికి 20,000 రూపాయలు దాటితే 10 శాతం పన్ను మినహాయించే నియమం 2022 జూలై 1న అమలులోకి వచ్చింది. వాడి తిరిగి ఇచ్చిన వస్తువు ప్రయోజనం కిందికి రాదని అప్పట్లో ప్రత్యక్ష పన్నుల బోర్డు వివరించింది. 500 రూపాయల పాఠాలకు ఈ బెడద లేదు. 25,000 రూపాయల కోర్సు ఇచ్చేముందు మాత్రం పన్నుల సలహాదారుని అడగండి.

12.8 మాదిరి పత్రం

మాటమీద నడిచే పని మనస్పర్ధలకు దారితీస్తుంది. కింది పత్రాన్ని గమనించండి.

"శ్రీ/శ్రీమతి ________ గారికి,
మా 20 హిందీ పాఠాలను పరిశీలన కోసం 30 రోజులపాటు ఉచితంగా చూడటానికి మీకు అనుమతి ఇస్తున్నాము. దీనికి మీరు ఏ రుసుమూ చెల్లించనక్కరలేదు. పాఠాలు మీకు నచ్చకపోతే సిఫారసు చేయనక్కరలేదు. సిఫారసు చేసేటప్పుడు 'ఈ పాఠాలు నాకు ఉచితంగా ఇచ్చారు, నా లింకు ద్వారా మీరు కొంటే నాకు 150 రూపాయలు వస్తాయి' అని తప్పక చెప్పండి. పాస్‌వర్డ్ ఇతరులకు ఇవ్వకూడదు. ఇస్తే అనుమతి రద్దవుతుంది.
ఇట్లు, ________"

ఇందులో "నచ్చకపోతే సిఫారసు చేయనక్కరలేదు" అనే వాక్యం ముఖ్యమైనది. ఆ స్వేచ్ఛ ఉన్నప్పుడే అతని సిఫారసుకు విలువ ఉంటుంది. 500 రూపాయలు పెట్టి కొనే కొత్త కాపురం దంపతులు నమ్మేది ఆ మాటనే.

మీరు ఏం నేర్చుకున్నారు?

- అఫిలియేట్‌కు ఇచ్చే ఉచిత కాపీ బహుమతి కాదు, పనిముట్టు. సరుకును చూసి నిజం చెప్పడానికే దానిని ఇస్తాం.
- నకలుకు ఖర్చు లేకపోయినా మీ సమయానికి, పోయే అమ్మకానికి, పొక్కడానికి ఖర్చు ఉంటుంది.
- ఆదాయం నేర్చుకునేవారినుంచి రావాలి, అమ్మిపెట్టేవారినుంచి కాదు.
- కొద్దిమందికి, గడువు పెట్టి, లెక్క రాసుకుని ఇవ్వాలి. ఉచితంగా ఇచ్చిన సంగతి కొనేవారికి తెలియాలి.

పాఠాంత ప్రశ్నలు

1. స్పెసిమన్ కాపీకి, అఫిలియేట్‌కు ఇచ్చే ఉచిత కాపీకి ఉన్న పోలికలు, తేడాలు రాయండి.
2. పాఠాల ధర 800, కమీషన్ 200 రూపాయలు. 10 మందికి ఉచితంగా ఇస్తే 4 గురు ఒక్కొక్కరు 3 కాపీలు అమ్మారు. మీకు మిగిలేదెంత?
3. మీరు కుట్టుపని పాఠాలు తయారుచేశారనుకోండి. మీ స్నేహితురాలికి 30 రోజుల ఉచిత అనుమతి ఇస్తూ పత్రం రాయండి. దానిని మీ అధ్యయన కేంద్రంలో సంపర్క తరగతిలో చదివి చర్చించండి.

జవాబులు

12.1 : 1. అఫిలియేట్ 2. స్పెసిమన్ 3. హద్దు
12.2 : 1. × 2. ✓ 3. ×
పాఠాంత ప్రశ్న 2 : 12 × 600 = 7,200 రూపాయలు