ప్రమాద బాధితుడు - పరిహారపు హక్కు

రోడ్డు ప్రమాదం క్షణంలో జరిగిపోతుంది. దాని ఫలితం జీవితాంతం వెన్నాడుతుంది. మోటారుసైకిలుపై పనికి బయలుదేరిన వడ్రంగి, ఎదుటి వాహన చోదకుని నిర్లక్ష్యం వల్ల ఎడమ చేయి కోల్పోయాడనుకొందాం. ఆ నష్టానికి వెల కట్టేదెట్లా?

1988 నాటి మోటారు వాహనాల చట్టం ఇందుకు మార్గం చూపింది. క్షతగాత్రుడు తాను నివసించే ప్రాంతంలోని మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ప్రమాదం జరిగిన ఆరు నెలలలోగా దరఖాస్తు చేయాలనే నియమం 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. కనుక ఎఫ్.ఐ.ఆర్. ప్రతి, వైద్యుని ధ్రువపత్రాలు, మందుల రసీదులు, ఆదాయపు ఆధారాలు మొదటి నుండే భద్రపరచుకోవాలి.

పరిహారంలో వైద్య వ్యయంతోపాటు కోల్పోయిన ఆదాయం, అనుభవించిన వేదన కూడా చేరుతాయి. ఎడమ చేయి పోయినా ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగంలో కొనసాగవచ్చు. వడ్రంగికి మాత్రం బ్రతుకుతెరువే పోవచ్చు. అందువల్ల వైద్యులు నిర్ణయించిన వైకల్య శాతంతో సరిపెట్టక, సంపాదనాశక్తికి కలిగిన నష్టాన్ని లెక్కించాలని సుప్రీంకోర్టు 2010లో ఒక తీర్పులో స్పష్టం చేసింది.

పోయిన చేతిని ఏ న్యాయస్థానమూ తిరిగి ఇవ్వలేదు. ఆ చేతి కష్టంపై ఆధారపడిన కుటుంబం వీధిన పడకుండా కాపాడటమే పరిహారపు పరమార్థం. దానిని కోరడం యాచన అనిపించుకోదు. అది పౌరుని హక్కు.