పాలకవర్గ సభ్యుని బంధువు వద్ద సరకు కొనవచ్చునా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉచిత వసతిగృహములు నడుపు సంఘములు పెక్కు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టము క్రింద నమోదైనవి. సంఘ స్థాపనకు కనీసము 7గురు సభ్యులుండవలెను; ధనమును సంఘాశయములకే వినియోగింపవలెను. ఇంతవరకు సులభమే.

చిక్కు కొనుగోలు కడ వచ్చును. నేను సభ్యుడనైన ఒక సంఘమునకు బియ్యము కావలసియుండగా, అందరికంటె తక్కువ ధర చెప్పినవాడు నా బావమరిది. కొనకున్న సంఘమునకు నష్టము. కొనిన నాకు అపవాదు.

ఇట్టియెడ చేయవలసినవి మూడు. బంధుత్వమును సభకు ముందుగా తెలుపుట మొదటిది. నిర్ణయము ముగియువరకు ఆ సభ్యుడు వెలుపల నుండుట రెండవది. వచ్చిన ధరలన్నింటిని, ఆ సభ్యుడు తొలగియున్న సంగతిని మినిట్స్ పుస్తకమున వ్రాయుట మూడవది.

నేను మొదటిది మాత్రమే చేసితిని. నా యెదుట ఎవరును నోరు విప్పలేదు. ఆ మౌనమును అంగీకారమనుకొంటిని. సర్వసభ్య సమావేశమున ఒక వృద్ధ దాత అడిగిరి: "మాస్టరుగారూ, బియ్యము మంచివే. నిర్ణయించినది మీరా, సంఘమా?" పుస్తకమున సమాధానము లేదు.

ధర సరిగా నున్నంత మాత్రమున చాలదు. నిర్ణయము స్వేచ్ఛగా జరిగినట్లు వ్రాత చూపవలెను. కావున ఈ మూడు నియమములను రాబోవు సమావేశముననే తీర్మానముగా ఆమోదించుకొనుడు.