పెండ్లెప్పుడు అని అడిగే ముందు

గుంతకల్లు నుంచీ ఉరవకొండ నుంచీ పొద్దున్నే విడపనకల్లుకు వచ్చే పల్లెవెలుగు బస్సుల్లో సగం సీట్లు మన ఉద్యోగస్తులవే. టీచర్లు, సచివాలయం వాళ్లు, బ్యాంకు గుమాస్తాలు, నర్సులు, ఎరువుల అంగడిలో లెక్కలు రాసే పిల్లలు. మాటలు జీతంతో మొదలై, వానమీదికి పోయి, మిరప ధర దగ్గర కాసేపు ఆగి, చివరికి ఎవరో ఒక కుర్రవాడి మీద వాలతాయి. "ఏమప్పా, పెండ్లెప్పుడు?" ముప్పైకి దగ్గరపడిన ఆ పిల్లవాడు నవ్వి "చూస్తాండారన్నా" అంటాడు. మనం అక్కడితో వదలం. మా చిన్నమ్మ కూతురుంది, బళ్లారిలో బీఈడీ చేసింది, ఫోటో పంపమంటావా అని మొదలుపెడతాం.

నేనూ ఇరవై ఏళ్లు ఈ ప్రశ్న అడిగినవాణ్నే. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. ఆ నవ్వు వెనక ఏముందో ఒకసారి తెలిసొచ్చాక మానేశాను. అడిగినవాళ్లకు అది బస్సు దిగేలోపు మరిచిపోయే మాట. ఆడపిల్లల మీద ఇష్టం లేక, మగవాడి మీదే మనసు పుట్టిన కుర్రవాడికి మాత్రం రోజూ పొద్దున ఎనిమిదింటికి ఎదురయ్యే పరీక్ష. అబద్ధమైనా చెప్పాలి, కోపిష్టి అనైనా అనిపించుకోవాలి. ఏళ్ల తరబడి ఒకే అబద్ధాన్ని తడబడకుండా చెప్పడానికి ఎంత ఓపిక కావాలో, పని మీద పెట్టాల్సిన మనసు అందులో ఎంత ఖర్చవుతుందో ఆలోచించండి.

కాబట్టి మొదటి సలహా ఇదే: సాటి ఉద్యోగి పెళ్లి సంగతి వాళ్లంతట వాళ్లు ఎత్తితే తప్ప ఎత్తకండి. ఇందుకు వాళ్లు గేనా, లెస్బియనా అని మీకు తెలియనక్కర్లేదు, ఊహించనూ అక్కర్లేదు. ఊహించడం మొదలైతే అదో కొత్త రోగం. సంబంధాలు చూసిపెట్టే సరదా ఉంటే, చూడమని అడిగినవాళ్లకు చూడండి. బలవంతంగా కుదిర్చిన పెళ్లిలో ఆ పిల్లవాడొక్కడే నలిగిపోడు. ఏ పాపం ఎరగని ఇంకో ఇంటి ఆడపిల్ల, తనలోనే ఏదో లోపముందని ఏళ్లపాటు కుమిలిపోతుంది. మధ్యవర్తిత్వం చేసినవాడు ఆ పాటికి బదిలీ మీద వెళ్లిపోయి ఉంటాడు.

ఇక రెండోది, నా లెక్కలో అన్నిటికన్నా బరువైనది. ఏదో ఒక సాయంత్రం బస్సు కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఆ పిల్లవాడే మీతో చెప్పాడనుకోండి. "అన్నా, నాకు పెండ్లి వద్దు, నా సంగతి వేరే" అన్నాడనుకోండి. అప్పుడేం చేయాలి?

పెద్దగా ఏమీ చేయనక్కర్లేదు. విన్నాక "నాకు చెప్పినందుకు సంతోషమప్పా. ఇది నా దగ్గరే ఉంటుంది" అంటే చాలు. ఆ రెండో వాక్యాన్ని నిలబెట్టుకోవడమే అసలు పని. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఒక ఆఫీసు మాట ఇంకో వీధికి చేరదు. మన దగ్గర ఆఫీసులో అన్న మాట మధ్యాహ్నానికి టీ కొట్టుకు, సాయంత్రానికి డోనేకల్లుకో పాల్తూరుకో, రాత్రికి వాళ్లమ్మ చెవికి చేరుతుంది. "ఒక్క మా ఆవిడకే చెప్పాను" అనే మాటతోనే ఎన్నో కొంపలు మునిగాయి. హెడ్మాస్టరుకు చెబితే సాయం చేస్తాడు కదా అనిపించినా, ఆ పిల్లవాణ్ని అడగకుండా చెప్పొద్దు. ఎవరికి, ఎప్పుడు చెప్పుకోవాలో తేల్చుకునే హక్కు అతనిది.

ఆ క్షణంలో అనకూడని మాట ఒకటుంది: "డాక్టరుకు చూపించుకున్నావా?" ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ప్రేమను రోగాల జాబితా నుంచి 1990లోనే తీసేసింది. ఇది జబ్బు కాదని మన దేశపు మానసిక వైద్యుల సంఘం 2018లో ప్రకటించింది. మందులతోనో మాటలతోనో "మారుస్తాం" అనే వైద్యాన్ని వృత్తిపరమైన తప్పుగా జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. అంటే అలాంటి చికిత్సకు పొమ్మని మీరు సలహా ఇస్తే, చేసే డాక్టరే చిక్కుల్లో పడతాడు. తాయెత్తులు, మొక్కుల సంగతి చెప్పేదేముంది. అతను నిద్ర పట్టక, బతుకు మీద విసుగుతో ఉన్నాడనిపిస్తే టెలీ మానస్ సహాయవాణి నంబరు 14416 ఇవ్వండి. అది ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

పోలీసు కేసవుతుందేమోనన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. కేసవదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య బంధాన్ని 377 సెక్షన్ నుంచి బయటికి తెచ్చింది. 2023 అక్టోబరు 17న ఇచ్చిన మరో తీర్పులో మాత్రం పెళ్లి హక్కు ఇవ్వలేదు. ఉద్యోగంలో గే, లెస్బియన్లను వివక్ష నుంచి కాపాడే ప్రత్యేక చట్టమూ ఇంకా రాలేదు. చట్టంలో ఇంత ఖాళీ ఉన్నచోట సాటి ఉద్యోగుల తీరే సగం చట్టం. ఒక పనికొచ్చే సంగతి, బ్యాంకులో ఉన్నవాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సినది: ఇలా కలిసి బతికే ఇద్దరు జాయింటు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. కౌంటరు దగ్గర "మీరిద్దరూ ఏమవుతారు?" అని గొంతు పెంచాల్సిన అవసరం లేదు. ఫారంలో ఎంత అడిగితే అంతే అడగండి.

నవ్వుల సంగతికొద్దాం. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆఫీసులో మెత్తగా మాట్లాడే, చేతులు తిప్పుతూ నడిచే ఒక అటెండరు ఉండేవాడు. అతను ఫైలు పట్టుకుని గదిలోకి వస్తే ఎవరో ఒకరు నడక అనుకరించేవారు. అందరం నవ్వేవాళ్లం. అందరితోపాటు అతనూ నవ్వేవాడు, అందుకే అది తప్పనిపించలేదు. ఒకరోజు ఏదో పని మీద రికార్డు గదిలోకి వెళితే, కట్టల మధ్య కూర్చుని అన్నం తింటున్నాడు. అందరితో కూర్చుని తినొచ్చు కదా అంటే, "ఇక్కడ ఫ్యాన్ బాగుంది సార్" అన్నాడు. ఆ గదిలో ఫ్యానే లేదు. అతను ఎవరో, ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మెత్తగా ఉన్న మగవాళ్లందరూ గేలు కారు, గేలందరూ మెత్తగా ఉండరు. అతను మా ముందు కూర్చుని తినలేకపోయాడన్నదొక్కటే నాకు తెలిసింది.

ఆ నవ్వును ఎలా ఆపాలి? ఉపన్యాసం ఇస్తే పనవ్వదు. ఆ క్షణంలో మిమ్మల్ని కూడా కలిపి నవ్వుతారు. నాకు పనికొచ్చిన ఉపాయం చెబుతాను. జోకు వేసినవాడి ముఖంలోకి చూసి, నవ్వకుండా, "అర్థం కాలేదు, మళ్లీ చెప్పప్పా" అనండి. ఎగతాళిని విడమరిచి చెప్పాల్సి వస్తే అది అక్కడే చప్పబడిపోతుంది. జోకు వేసింది పై అధికారి అయితే అందరి ముందూ కాకుండా, తర్వాత ఒంటరిగా, "సార్, ఆ పిల్లోడు బాధపడ్డాడు" అని ఒక్క మాట అనండి. అంతకు మించి అతని గురించి ఏమీ చెప్పొద్దు.

ఆడ, మగ అనే గీత దాటడం మనకు కొత్త కాదు. ఆదోని మండలం సంతెకూడ్లూరులో హోలీకి మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని రతీ మన్మథులకు పూజ చేస్తారు. అది మొక్కు, దానికీ మనం మాట్లాడుకునే దానికీ సంబంధం లేదు. కానీ పండగ రోజు దండం పెట్టే చీరకే మామూలు రోజున బస్టాండులో ఈలలు ఎందుకు పడతాయో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. మనకు పక్కనే, బళ్లారి జిల్లా కల్లుకంబలో పుట్టిన మంజమ్మ జోగతి సంగతి చూడండి. మగపిల్లవాడిగా పుట్టి, లోపల ఆడదాన్నని తెలిసి, ఇంటికి దూరమై, అడుక్కుని, జోగతి నృత్యం నేర్చుకుని బతికిన మనిషి. ఆమె 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలైంది, 2021లో పద్మశ్రీ వచ్చింది. అంత ఎత్తుకు ఎదిగితేనే గౌరవిస్తామంటే మిగతావాళ్ల గతేమిటి? పద్మశ్రీ రాని ట్రాన్స్ మహిళ మన సచివాలయం మెట్లెక్కితే ఎలా పలకరిస్తామన్నది అసలు ప్రశ్న.

అందుకే వృత్తిని బట్టి కొన్ని సంగతులు చెబుతాను. కండక్టరు అన్నలారా, అక్కలారా: 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లతోపాటు ట్రాన్స్‌జెండర్లకూ ఉచిత ప్రయాణం ఉంది. కార్డు చూడాల్సిందే, చూడండి. కానీ అందులో పాత పేరు, పాత ఫోటో ఉంటే దాన్ని బస్సంతా వినేలా చదవొద్దు. సున్నా టికెట్ చేతిలో పెట్టి "కూర్చోమ్మా" అంటే సరిపోతుంది.

సచివాలయం వాళ్లకు: ఎన్టీఆర్ భరోసా కింద ట్రాన్స్‌జెండర్ పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. ఒకటో తేదీన మీరే ఇంటికెళ్లి ఇస్తారు. వీధిలో నిలబడి ఏ పేరుతో పిలుస్తారో చుట్టుపక్కల ఇళ్లు వింటాయి. రికార్డులో ఏ పేరున్నా, నోటితో ఆ పింఛనుదారు చెప్పిన పేరే పిలవండి. ఆధార్‌లో పేరు, లింగం మార్చుకోవడానికి ట్రాన్స్‌జెండర్ల హక్కుల 2019 చట్టం కింద ఇచ్చే గుర్తింపు పత్రం పనికొస్తుంది. దరఖాస్తు విధానంలో మార్పులు వస్తుంటాయి కనుక, పంపే ముందు అనంతపురం కలెక్టరేటులో ఒకసారి కనుక్కోండి. కాగితం సరిగ్గా లేదని ఆ మనిషిని మూడుసార్లు బళ్లారి రోడ్డు మీద తిప్పకండి.

మిరపకోతకు గుంపులు కట్టే మేస్త్రీలకూ ఒక మాట. నల్లరేగడిలో కాయ కోసేది ఆడవాళ్లు, మూట ఎత్తేది మగవాళ్లు, కూలి రెండు రకాలు. మెత్తగా ఉన్న మగపిల్లవాడు ఆడవాళ్ల సాలులో కూర్చుని కాయ కోస్తే "అయితే ఆడోళ్ల కూలే తీసుకో" అని నవ్వుతూ తగ్గించేవాళ్లను చూశాను. ఒకే పనికి లింగాన్ని బట్టి కూలిలో తేడా పెట్టకూడదని, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ చెబుతోంది. నిజానికి అది ఆ పిల్లవాడికన్నా ముందు ఆ సాలులోని ఆడవాళ్లందరికీ జరుగుతున్న అన్యాయం. అతని కూలి కోసం అడిగితే వాళ్ల కూలి లెక్కా బయటికొస్తుంది.

ఎవరినైనా పనిలో పెట్టుకునేవాళ్లకు: ట్రాన్స్‌జెండర్ల మీద ఉద్యోగంలో వివక్ష చూపకూడదని, ప్రతి సంస్థా ఫిర్యాదులు వినే అధికారిని పెట్టాలని 2019 చట్టం అంటోంది. పది మందితో నడిచే అంగడిలో అధికారి ఎక్కడినుంచి వస్తాడంటారా? ఫలానా మనిషికి చెప్పుకోండి అని గోడ మీద పేరు రాసి పెట్టండి. మూత్రశాల సంగతి మొదటి రోజే తేల్చండి, పనిలో చేరిన ట్రాన్స్ మనిషి నోరు తెరిచి అడిగేదాకా ఆగొద్దు. 2024 డిసెంబరులో హైదరాబాదు ట్రాఫిక్ పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్లను సహాయకులుగా తీసుకున్నారు. ఎండలో, వాహనాల మధ్య, అందరి కళ్ల ముందు చేసే పని అది. మన అంగళ్లలో ఇలాంటివాళ్లకు పనివ్వడం కుదరదన్న మాట ఆ తర్వాత నమ్మబుద్ధి కాదు.

పని ఇస్తే సరిపోదు కూడా. కొచ్చి మెట్రో 2017లో ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిచ్చి దేశమంతా మెప్పు పొందింది. చేరిన కొద్ది రోజులకే కొందరు మానేశారు. పని రాక కాదు, అద్దెకు గది దొరక్క. గుంతకల్లులోనో ఉరవకొండలోనో మీకు తెలిసిన ఇల్లుగలవాళ్లుంటే, "మా ఆఫీసు మనిషే, నేను పూచీ" అని వెంట వెళ్లి మాట్లాడండి. ఆ ఒక్క సాయంత్రం చేసిన సాయం ఆఫీసులో ఏడాది పాటు మంచిగా నవ్వడం కన్నా ఎక్కువ.

ఇక ఆ గే, లెస్బియన్, ట్రాన్స్ మనిషి మీరే అయితే, ఈ మాటలు మీకు. బయటపడి తీరాలని ఎవరైనా అంటే వినొద్దు. అది పట్నంలో సొంత సంపాదన, సొంత గది ఉన్నవాళ్లకు సులువు. ముందు ఉద్యోగం పర్మనెంటు చేసుకోండి, బ్యాంకు ఖాతా, సర్టిఫికెట్లు మీ చేతిలో పెట్టుకోండి. చెప్పుకోవాలనిపిస్తే ఒక్కరితో మొదలుపెట్టండి. ఎవరితో అంటే, వేరేవాళ్ల రహస్యాలు మీ దగ్గర వాగనివాడితో. ఎవరైనా వేధిస్తే తేదీ, సమయం, అన్న మాట, అక్కడున్నవాళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. వాట్సాప్ మెసేజీలు చెరిపేయొద్దు. ఫిర్యాదు నోటితో కాక కాగితం మీద ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

ఒక చిన్న సంగతి మిగిలింది. ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు ఆడ టీచర్లు మీకు తెలిసే ఉంటారు. వాళ్లు స్నేహితురాళ్లో, అంతకన్నా ఎక్కువో మీకు అనవసరం. మీ ఇంట్లో గృహప్రవేశమో, పిల్ల పెళ్లో వస్తే, పసుపు కుంకుమ పెట్టి ఇద్దరికీ రెండు కార్డులు ఇవ్వకండి. ఒకే కార్డు మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాసి, వాళ్లింటికే వెళ్లి ఇవ్వండి. తాంబూలం కూడా కలిపే.