నిఘా మాజీ సైనికుల వార్షిక కలయికలు: విశాఖ 1971 పాఠం

యుద్ధం ముగిశాక కొందరి పేర్లు పతకాల మీదికి ఎక్కుతాయి. శత్రువు సందేశాన్ని విని, దాని అర్థం తేల్చినవారి పేర్లు మాత్రం బయటకు రావు. అందుకే నిఘా విభాగాల్లో పనిచేసి పదవీ విరమణ పొందినవారు ఏటా ఒకచోట కలుసుకోవడాన్ని చరిత్ర రచనలో భాగంగానే చూడాలి. పోటీ పరీక్షల అభ్యర్థులు దీన్ని అర్థం చేసుకోవడానికి మత్స్యకారుల వాడ జాలరిపేట ఎదుట ఉన్న విశాఖ సముద్రమే మంచి ఉదాహరణ.

నేపథ్యం: ఘాజీ ఎందుకొచ్చింది?

అమెరికా నౌకాదళంలో ‘డయాబ్లో’ పేరుతో పనిచేసిన జలాంతర్గామిని పాకిస్థాన్ 1960లలో లీజుకు తీసుకుని ‘ఘాజీ’గా మార్చింది. 1971 భారత్-పాక్ యుద్ధానికి ముందు, నవంబరు 14న అది కరాచీ నుంచి బయలుదేరింది. విమాన వాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌ను ముంచడం, తూర్పు తీరంలో మైన్లు అమర్చడం దాని లక్ష్యాలు.

నిఘా ఎలా పనిచేసింది?

*సంకేత నిఘా:* నాటి తూర్పు పాకిస్థాన్‌లోని చిట్టగాంగ్ నౌకాదళ అధికారులకు పాకిస్థాన్ పంపిన ఒక సందేశం మనవారికి చిక్కింది. జలాంతర్గాములు, మైన్లు తొలగించే నౌకలు మాత్రమే వాడే కందెన నూనె గురించి అందులో అడిగారు. బంగాళాఖాతంలోకి జలాంతర్గామి వస్తోందని ఆ ఒక్క ఆరాతో బయటపడింది.

*శత్రువును తప్పుదోవ పట్టించడం:* తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ వైపు తరలించారు. విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందని నమ్మించే బాధ్యత ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌ది. పెద్ద నౌక నుంచి వెలువడే స్థాయిలో అది వైర్‌లెస్ సందేశాలు పంపింది. పెద్ద ఎత్తున సరకులకు ఆర్డర్లు ఇచ్చి, ఆ కబురు నగరంలో పాకేలా చూశారు.

మునక: రెండు వాదనలు

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే వేళ విశాఖ రేవు వెలుపల భారీ పేలుడు జరిగింది. ఘాజీలోని 90 మందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జ్‌ల వల్లే మునిగిందని భారత్ చెబుతుంది. లోపల జరిగిన పేలుడు లేదా తాను అమర్చిన మైన్లే కారణమని పాకిస్థాన్ వాదన. నీటిపై తేలిన శిథిలాలు మొదట కంటపడింది స్థానిక మత్స్యకారులకే.

అభ్యర్థులకు ఒక జాగ్రత్త: 2017 నాటి ‘ఘాజీ’ సినిమాలోని భారత జలాంతర్గామి ఎస్-21 కథ కల్పితం. జవాబులో దాన్ని ఆధారంగా రాయకూడదు.

కాగితం పోతే మిగిలేది మనిషే

ఘాజీ మునకకు సంబంధించిన నౌకాదళ పత్రాలు ధ్వంసమయ్యాయని 2010లో పత్రికలు రాశాయి. అలాంటప్పుడు ఆ రాత్రి విధుల్లో ఉన్నవారి జ్ఞాపకమే ప్రధాన ఆధారమవుతుంది. ఒంటరిగా అడిగితే తేదీలు తడబడతాయి. పదిమంది కలిసి కూర్చుంటే ఒకరు మరిచిన వివరం మరొకరు అందిస్తారు, ఒకరి పొరపాటును మరొకరు సరిదిద్దుతారు. వార్షిక కలయిక విలువ ఇక్కడే ఉంది.

బ్రిటన్ అనుభవం

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సంకేతాలు ఛేదించిన బ్లెచ్లీ పార్క్ సిబ్బంది 1970ల వరకు నోరు విప్పలేదు. 1974లో వింటర్‌బోథమ్ పుస్తకంతో ఆ రహస్యం విస్తృతంగా తెలిసింది. 1991 అక్టోబరులో స్థానిక చరిత్రాభిమానులు అక్కడి మాజీ సిబ్బందికి వీడ్కోలు సమావేశం పెట్టారు. కూల్చివేత ముప్పున్న ఆ భవనాలను కాపాడాలన్న ఉద్యమం దాని నుంచే ఊపందుకుంది. 1992లో ట్రస్టు ఏర్పడింది. ఇప్పుడా ప్రాంగణం మ్యూజియం.

చట్టం గీసిన హద్దు

అధికార రహస్యాల చట్టం, 1923లోని సెక్షన్ 5 పదవిలో ఉన్నవారితో పాటు గతంలో పదవి నిర్వహించినవారికీ వర్తిస్తుంది. కాబట్టి ఎంత ఆత్మీయ సమావేశమైనా రహస్య పద్ధతులు, సమాచారం ఇచ్చినవారి పేర్లు చర్చకు రాకూడదు.

మరోవైపు తలుపు కొంత తెరుచుకుంది. యుద్ధ చరిత్రల సంకలనం, రహస్య పత్రాల విడుదలపై రక్షణ శాఖ 2021 జూన్‌లో విధానం ప్రకటించింది. సాధారణంగా 25 ఏళ్లకు పత్రాలను బహిర్గతం చేయాలని, యుద్ధం ముగిసిన ఐదేళ్లలోపు చరిత్ర సంకలనం పూర్తికావాలని అందులో ఉంది. కె.సుబ్రహ్మణ్యం నేతృత్వంలోని కార్గిల్ సమీక్షా కమిటీ ఇలాంటి విధానం కావాలని ముందే సూచించింది.

విశాఖ చేయాల్సింది

డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం, జనవరి 14 సాయుధ దళాల మాజీ సైనికుల దినోత్సవం. ఈ రెండు రోజుల్లో పూలగుచ్ఛాలతో సరిపెట్టకుండా అనుమతి పొందిన జ్ఞాపకాలను రికార్డు చేయాలి. నౌకాదళం, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయం కలిస్తే ఇది కష్టమేమీ కాదు. తీరంలోని మత్స్యకార పెద్దలనూ పిలవాలి. 1971లో ఇరవై ఏళ్ల యువకుడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆలస్యం చేసిన ప్రతి ఏడూ కొందరు సాక్షులను పోగొట్టుకుంటాం.

గుర్తుంచుకోండి

- తూర్పు నౌకాదళ కేంద్ర స్థానం: విశాఖపట్నం
- నౌకాదళ దినోత్సవానికి కారణం: 1971 కరాచీ దాడి, ఆపరేషన్ ట్రైడెంట్
- విశాఖ బీచ్ రోడ్డులోని 1971 విజయ స్మారకం: విక్టరీ ఎట్ సీ (1996)
- జనవరి 14 ప్రత్యేకత: 1953లో జనరల్ కరియప్ప పదవీ విరమణ
- డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ: 2002, కార్గిల్ అనంతర సంస్కరణ

మాదిరి ప్రశ్న (మెయిన్స్)

దేశ భద్రతకు గోప్యత, చరిత్రకు సాక్ష్యం రెండూ అవసరమే. 1971 విశాఖ ఉదంతం ఆధారంగా చర్చించండి.

*జవాబు రూపం:* ఘాజీ ఉదంతంతో మొదలుపెట్టి, పత్రాలు పోవడం వల్ల కలిగే నష్టాన్ని వివరించండి. 1923 చట్టాన్ని, 2021 విధానాన్ని పక్కపక్కన పెట్టి పోల్చండి. బ్లెచ్లీ పార్క్‌ను ఉదాహరించి, అనుమతితో కూడిన మౌఖిక చరిత్ర సేకరణను పరిష్కారంగా సూచిస్తూ ముగించండి.