రెక్క కొస – కనిపించని సుడి

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: వైజ్ఞానిక వ్యాసం. విమానపు రెక్కల కొసలు పైకి ఎందుకు వంగి ఉంటాయి? వాటివల్ల కలిగే మేలు ఎంత? ఆ మేలుకు హద్దు ఎక్కడ? ఈ విషయాలను వివరించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

వేసవి మధ్యాహ్నాలలో పాలమూరు, నల్లగొండ మెట్టచేలలో సుడిగాలి లేవడం మనకు తెలిసిన దృశ్యమే. ఎండుటాకులను, ఎర్రటి దుమ్మును పైకి లేపుతూ అది చేను దాటిపోతుంది. దుమ్మే లేకపోతే అక్కడ గాలి తిరుగుతున్నదని మన కంటికి తెలియదు. అటువంటి కనిపించని సుడులు మన తలల మీది ఆకాశంలో కూడా నిత్యం పుడుతున్నాయి. వాటిని పుట్టించేవి విమానాల రెక్కలు.

2008 మార్చిలో శంషాబాదు వద్ద రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. నాటి నుండి జడ్చర్ల రహదారిలోనో, దేవరకొండ రహదారిలోనో హైదరాబాదుకు ప్రయాణించేవారికి కిందికి దిగుతున్న విమానాలు కనిపించడం సాధారణమైంది. పరిశీలనగా చూస్తే వాటిలో అనేక విమానాల రెక్కల కొసలు నిటారుగా పైకి వంగి ఉంటాయి. ఈ చిన్న నిర్మాణాన్నే ‘వింగ్లెట్’ అంటారు. ఇది అలంకారం కాదు. దీని వెనుక ఒక శాస్త్రసత్యం, దీని ముందు ఒక పరిమితి ఉన్నాయి.

విమానం ఎగిరేటప్పుడు రెక్క కింది గాలి పీడనం ఎక్కువగాను, పైగాలి పీడనం తక్కువగాను ఉంటుంది. ఈ తేడా వల్లనే విమానాన్ని పైకెత్తే బలం కలుగుతుంది. దానిని ఉత్థాపక బలం అంటాం. అయితే రెక్క కొస వద్ద అడ్డు ఏమీ ఉండదు. అందువల్ల కింది గాలి కొసను చుట్టి పైకి పొర్లుతుంది. విమానం ముందుకు సాగిపోతుండగా ఆ పొర్లే గాలి వెనుక తాడు పేనినట్లు సుడిగా మారుతుంది. ప్రతి విమానం వెనుక ఇటువంటి సుడులు జంటగా సాగుతుంటాయి.

ఈ సుడులను తిప్పే శక్తి ఎక్కడినుండో రాదు. అది విమానం ఇంధనం నుండే వస్తుంది. రెండు సుడుల నడుమ గాలి కిందికి తోయబడడంతో ఉత్థాపక బలం కొంత వెనుకకు వాలుతుంది. అది విమానాన్ని వెనుకకు లాగుతుంది. దీనికి ‘ప్రేరిత నిరోధం’ అని పేరు. స్థిరమైన ఎత్తులో సాగే పెద్ద ప్రయాణికుల విమానం ఎదుర్కొనే మొత్తం నిరోధంలో సుమారు 40 శాతం ఇదే. పైకి ఎక్కేటప్పుడు దీని వాటా ఇంకా పెరుగుతుంది.

రెక్కను పొడవు చేస్తే ఈ నిరోధం తగ్గుతుంది. కాని రెక్క పొడవు పెరిగేకొద్దీ దాని మొదలు మీద పడే భారం పెరుగుతుంది. విమానాశ్రయంలో నిలిపే చోటు కూడా పరిమితమే. అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం మధ్యతరహా విమానాలు నిలిచే చోట్లకు రెక్కల మొత్తం వెడల్పు 36 మీటర్లకు లోబడి ఉండాలి. వింగ్లెట్లతో కూడిన బోయింగ్ 737–800, ఎయిర్‌బస్ ఎ320 నియో విమానాల వెడల్పు 35.8 మీటర్లు. పక్కకు పెరగడానికి చోటు లేనప్పుడు రెక్క పైకి పెరిగింది.

ప్రకృతి ఈ మార్గాన్ని ముందే చూపింది. మన గుట్టల మీద వలయాలు తిరిగే గద్దను గమనించండి. రెక్కల కొసన ఈకలు చేతివేళ్ల వలె విడివడి, పైకి వంగి ఉంటాయి. ఒకే పెద్ద సుడిని అవి చిన్నచిన్న పాయలుగా విడదీసి నిరోధాన్ని తగ్గిస్తాయి.

1897లోనే ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ రెక్క కొసకు నిలువు పలక అమర్చే ఆలోచనకు పేటెంటు పొందాడు. 1973 నాటి చమురు సంక్షోభంతో ఇంధనం ప్రియమైనప్పుడు ఆ ఆలోచనకు తిరిగి ప్రాణం వచ్చింది. అమెరికాకు చెందిన నాసా శాస్త్రవేత్త రిచర్డ్ విట్‌కోంబ్ 1976లో తన పరిశోధన ఫలితాలను ప్రకటించాడు. నిలువు పలకను ఉత్త అడ్డుగోడగా కాక, ఒక చిన్న రెక్కగా మలచాలన్నది అతని సూచన. తెరచాప ఏటవాలు గాలిని పట్టి పడవను ముందుకు నడిపినట్లు, కొస వద్ద తిరిగే గాలినుండి వింగ్లెట్ కొంత ముందుకు నెట్టే బలాన్ని రాబడుతుంది. 1979–80 సంవత్సరాలలో కెసి–135 విమానం మీద జరిగిన పరీక్షలలో ఇంధన వినియోగం సుమారు 6.5 శాతం మెరుగుపడింది. తరువాతి కాలంలో ఎ320 విమానాలకు ‘షార్క్‌లెట్’ అనే పేరుతో అమర్చిన వింగ్లెట్లు దూరప్రయాణాలలో సుమారు 4 శాతం వరకు ఇంధనాన్ని ఆదా చేస్తాయని తయారీదారులు చెప్పారు. వింగ్లెట్‌కూ బరువు ఉన్నందున దగ్గరి ప్రయాణాలలో ఈ లాభం తగ్గుతుంది.

ఇంతవరకు బాగున్నది. కాని ‘వింగ్లెట్ ఉంటే సుడి ఉండదు, వెనుక వచ్చేవారికి భయం లేదు’ అని కొందరు తలుస్తారు. ఇది పొరపాటు. విమానం బరువును గాలి మోయాలంటే, విమానం గాలిని కిందికి నెట్టక తప్పదు. కనుక సుడి అనేది ఎగిరినందుకు చెల్లించవలసిన మూల్యం. వింగ్లెట్ ఆ మూల్యాన్ని తగ్గించగలదు గాని మాఫీ చేయలేదు. సుడి బలం ప్రధానంగా విమానం బరువు, వేగం, రెక్కల వెడల్పు మీద ఆధారపడుతుంది. బరువు ఎక్కువై వేగం తక్కువైనప్పుడు, అంటే విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ, సుడి ప్రబలంగా ఉంటుంది. అది నిమిషానికి దాదాపు 90 నుండి 150 మీటర్ల చొప్పున కిందికి దిగుతూ, గాలివాటున పక్కకు కూడా జరుగుతుంది.

నాగార్జునసాగర్ జలాశయంలో నాగార్జునకొండకు లాంచీలు వెళ్తుంటాయి. లాంచీ దాటిన వెంటనే దాని జాడలోకి పుట్టిని నడిపే జాలరి ఎవరూ ఉండరు. అల సద్దుమణిగేదాకా ఆగుతాడు. ఆకాశంలోనూ ఇదే నీతి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ విమానాలను బరువును బట్టి వర్గీకరించింది. 7 టన్నుల వరకు తేలిక, 136 టన్నులు, అంతకు మించితే భారీ, నడుమ ఉన్నవి మధ్యతరహా. ఈ వర్గీకరణ ప్రకారం భారీ విమానం వెనుక దిగే మధ్యతరహా విమానం 5 నాటికల్ మైళ్లు, అనగా దాదాపు 9.3 కిలోమీటర్ల ఎడం పాటించాలి. తేలిక విమానమైతే 6 నాటికల్ మైళ్లు, దాదాపు 11 కిలోమీటర్లు. అత్యధిక బరువుగల ఎ380కి ప్రత్యేక నియమాలున్నాయి. ముందున్న విమానానికి వింగ్లెట్లు ఉన్నాయన్న కారణంతో ఈ ఎడాన్ని తగ్గించరు.

2001 నవంబరు 12న న్యూయార్కులో జరిగిన ఘోర ప్రమాదం ఇక్కడ స్మరించదగినది. బోయింగ్ 747–400 విమానం ఎగిరిన కొద్దిసేపటికి, దాని వెనుక ఒక ఎయిర్‌బస్ ఎ300 లేచింది. 747–400 రెక్కలకు వింగ్లెట్లు ఉన్నాయి. అయినా దాని సుడులు వెనుకటి విమానాన్ని కుదిపాయి. నిజానికి ఎడం నియమానుసారమే ఉంది. ఆ కుదుపూ అసాధారణమైనది కాదు. కాని సహ పైలట్ దానిని ఎదుర్కొనే ప్రయత్నంలో తోక చుక్కానిని అటూ ఇటూ అతిగా తిప్పడంతో తోక నిలువుపలక ఊడిపోయింది. విమానంలోని 260 మంది, నేల మీద 5 గురు మరణించారు. సుడి కంటే సుడి పట్ల కలిగిన తొట్రుపాటే ఎక్కువ నష్టం చేసిందని దర్యాప్తు తేల్చింది.

కాబట్టి వింగ్లెట్ నేర్పే పాఠం రెండు విధాలు. అంచున వృథా అయ్యే కొద్దిపాటి శక్తిని ఆదా చేసినా, వేలాది ప్రయాణాలలో అది పెద్ద నిధి అవుతుంది. ఇది మొదటిది. ఒక మేలు చేసే పరికరం అన్ని కీడులనూ తొలగిస్తుందని భ్రమించరాదు. ఇది రెండవది. పరికరం ఇంధనాన్ని కాపాడుతుంది. ప్రాణాన్ని కాపాడేవి ఎడం, శిక్షణ, నిదానం.

కఠిన పదాలు – అర్థాలు

కొస = చివర
ప్రబలం = మిక్కిలి బలమైనది
మూల్యం = వెల
ఎడం = మధ్య దూరం
తొట్రుపాటు = తడబాటు
పుట్టి = చేపలు పట్టడానికి వాడే గుండ్రటి పడవ

అభ్యాసం

I. వ్యాసరూప సమాధానం రాయండి.
1. ప్రేరిత నిరోధం ఎలా కలుగుతుంది? వింగ్లెట్ దానిని ఎలా తగ్గిస్తుంది?
2. ‘వింగ్లెట్ సుడిని తగ్గించగలదు గాని మాఫీ చేయలేదు’ – చర్చించండి.

II. సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. రెక్కను పొడవు చేయడంలో గల ఇబ్బందులేవి?
2. లాంచీ, పుట్టి పోలిక ద్వారా రచయిత ఏమి చెప్పదలచారు?
3. 2001 నాటి ప్రమాదం నుండి గ్రహించవలసిన నీతి ఏమిటి?

III. వ్యాకరణం
1. విమానాశ్రయం = విమాన + ఆశ్రయం – సవర్ణదీర్ఘ సంధి
2. అత్యధిక = అతి + అధిక – యణాదేశ సంధి
3. ఇంధన వినియోగం = ఇంధనం యొక్క వినియోగం – షష్ఠీ తత్పురుష సమాసం